ఒకే చేతికి మూడు పట్టీలు

ఎండాకాలం, 61వ రోజు

కంపెనీ పుస్తకంలో రాసింది: "ఈ రోజు నా మనసు ప్రశాంతంగా ఉంది. ఊపిరి మీద ధ్యాస పెట్టాను. రేపు ఇంకొంచెం ఎక్కువ నవ్వుతాను."

ప్రశాంతమట, నా మొహం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదహారు మంది పిల్లల ముక్కులు తుడిచి, ముడ్లు కడిగి, అన్నం కలిపి పెట్టి, ఒకడు ఇంకొకడిని కొరికితే విడదీసి, సాయంత్రానికి వంగిన నడుం లేవదు. అప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని నా మనసెలా ఉందో నేనే ఆలోచించుకోవాలి. ఆలోచించి నన్ను నేను మెరుగుపరుచుకోవాలి. ఇదంతా ఆయాల క్షేమం కోసమేనట.

ఈ కాగితాలు వేరు. పిల్లలు రంగులు పూసి పారేసినవాటి వెనకవైపు రాసుకుంటున్నాను. కంపెనీ పుస్తకాన్ని హైమవతి మేడం చదువుతుంది. ఆవిడ మా క్షేమాధికారి. ఎక్కడో కొండ మీద చల్లని ఊళ్లో కూర్చుని మాకు తెర మీద కనిపిస్తుంది. ఈ కాగితాలు చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇందులో తిట్టుకోవచ్చు.

ఇవాళ మా మణికట్లకు పట్టీలు కట్టారు. నాడి, చెమట, చేతి వణుకు అన్నీ చూస్తుందట. నెమ్మదిగా ఉంటే ఆకుపచ్చ, అటూ ఇటూ అయితే పసుపు, గుండె దడదడలాడితే ఎరుపు. పట్టీ పచ్చగా ఉంటేనే పిల్లల హాలు తలుపు బయటి నుంచి తెరుచుకుంటుంది. లోపలి నుంచైతే పిల్లలకు అందని ఎత్తులో ఉన్న మీట నొక్కితే చాలు. పోయినేడు పక్క ఫ్యాక్టరీలో ఒక ఆయా కోపం పట్టలేక ఒక పిల్లవాడి చెయ్యి విరగ్గొట్టిందని ఈ ఏర్పాటు. ఉద్రేకంలో ఉన్న మనిషి పిల్లల దగ్గరికి పోకూడదని మేడం అంది. వినడానికి బాగానే ఉంది.

వరసగా రెండు నెలలు ఎరుపు ఎక్కువైతే పని పోతుంది. పని పోతే నా కూతురు అలివేలుకు, కంపెనీ పిల్లలను చల్లగా ఉంచే ఈ చలువ మేడలో చోటు పోతుంది. నాలుగేళ్లది. బయట మా రేకుల కాలనీలో మధ్యాహ్నం యాభై మూడు డిగ్రీలు. పోయిన ఎండాకాలం అక్కడ పదకొండు మంది పిల్లలు చచ్చిపోయారు. ఇది తలుచుకోగానే నా పట్టీ పసుపైంది. తలుచుకోకుండా ఉండటం నేర్చుకోవాలి.

ఎండాకాలం, 64వ రోజు

కంపెనీ పుస్తకంలో: "కోపం వచ్చినప్పుడు సముద్రాన్ని ఊహించుకున్నాను. హాయిగా అనిపించింది."

సముద్రాన్ని ఊహించుకోవడమేమిటి, కిటికీ అవతలే ఉంది. దాని ఉప్పు తీసి మంచినీళ్లు చేసే ఫ్యాక్టరీలోనే కదా ఈ పిల్లల అమ్మానాన్నలందరూ చేసేది.

మూడు రోజులుగా ముగ్గురం ఎరుపే. మా హాల్లో నేను కాక దీవెన, జైనబ్బీ. జైనబ్బీ పెద్దాయా, అరవై దగ్గరపడ్డాయి, ఈ మేడలో అడుగుపెట్టిన ప్రతి పిల్లా ఆమె ఒళ్లో కక్కినదే. దీవెన నా ఈడుది, ఒకప్పుడు రేకుల కాలనీలో నా పక్కింటి పిల్ల. పోయినేడు ఆమె మొగుడి ఊపిరితిత్తులు ఎండకు దెబ్బతింటే, ఆయా పనితోపాటు మేడ పైన ఒక చల్లగది ఇచ్చారు. దాని కూతురు కెజియా, నా అలివేలు ఒకే చాప మీద పడుకుంటారు.

ఇవాళ ఒక బిడ్డ వాంతి చేసుకుంటే దీవెన పట్టీ ఎర్రబడింది. గుడ్డ తేవడానికి బయటికెళ్లింది, ఇంక తలుపు తెరుచుకోదు. బయట నిలబడి తలుపును కాళ్లతో తన్నుతుంటే నేనే లోపలి నుంచి తెరిచాను.

"బిడ్డ కక్కుతుంటే గుండె కొట్టుకోకుండా ఎట్టుంటదే? నేనేమన్నా రాయినా?" అంది.

"రాయిలాగా ఉండమనేగా జీతమిస్తోంది" అన్నాను నేను.

అప్పుడే జైనబ్బీని చూశాం. అన్నాలయ్యాక పక్కగదిలో గోడకు ఆనుకుని గురకపెడుతోంది. పట్టీ పచ్చగా వెలుగుతోంది. రోజులో ఒక గంటసేపు ఆగకుండా పచ్చగా ఉంటే చాలు, ఆ రోజంతా పచ్చ కిందే జమ. మేడం చెప్పిన సూత్రమే అది. దీవెన నన్ను చూసింది, నేను దీవెనను చూశాను.

లేపి చెబితే జైనబ్బీ పడీ పడీ నవ్వింది. "నా చేతికి ఇంకో రెండు కట్టండే. నిద్ర నాది, పుణ్యం మీది" అంది.

అలా మొదలైంది. పిల్లలు పడుకున్నాక ఒకళ్లు పక్కగదిలో మూడు పట్టీలూ ఒకే చేతికి కట్టుకుని నిద్రపోవాలి. ఒకళ్లు హాల్లో పిల్లల దగ్గర కూర్చోవాలి. ఒకళ్లు గిన్నెలు కడగాలి. రోజుకొకళ్లకు నిద్ర వంతు. హాల్లో ఉన్న మనిషి చేతికి పట్టీ ఉండదు కాబట్టి పొరపాటున బయటికొస్తే మళ్లీ లోపలికి పోలేదు. అందుకని ఎప్పుడు బయటికొచ్చినా తలుపు సందులో చెప్పు అడ్డం పెట్టాలి. ఆ ఆలోచన నాదే.

ఎండాకాలం, 70వ రోజు

కంపెనీ పుస్తకంలో: "నాలో మార్పు నాకే కనిపిస్తోంది. సంస్థకు కృతజ్ఞతలు."

ఈ ఒక్క వాక్యం మాత్రం సగం నిజం. నిన్న నిద్ర వంతు నాది. పగటిపూట పడుకుని ఆరేళ్లయింది. లేచేసరికి ఒళ్లు దూదిలా ఉంది. సాయంత్రం అలివేలు పాలగ్లాసు నా చీర మీద పోస్తే తిట్టలేదు, నవ్వాను. అది బిత్తరపోయి చూసింది. జైనబ్బీ మోకాళ్ల నొప్పులు తగ్గాయంటోంది. దీవెన పాటలు పాడుతోంది, గొంతు బాగోకపోయినా.

తెర మీద హైమవతి మేడం మమ్మల్ని మెచ్చుకుంది. "మీ హాలు చూడండి, ముగ్గురికీ మధ్యాహ్నం ఒకే గంటలో ఒకేలాంటి ప్రశాంతత. కలిసి ధ్యానం చేస్తున్నారా?"

"అవునండీ, ఒకే మనసు మాది" అంది జైనబ్బీ, మొహాన నవ్వన్నది లేకుండా. దీవెన కొంగు నోట్లో కుక్కుకుంది.

పిల్లలకు పేలు పట్టాయి. పదహారు మందికీ గుండ్లు గీయించారు. అందరికీ అవే పసుపుపచ్చ గౌన్లు. వెనక నుంచి చూస్తే ఎవరెవరో తెలియడం లేదు. ఇవాళ అలివేలనుకుని కెజియాను ఎత్తుకుని ముద్దుపెట్టాను.

"నా బిడ్డ ముద్దులన్నీ నువ్వే లాక్కుంటున్నావు గదే" అని దీవెన ఎగతాళి చేసింది.

"నీ బిడ్డ బుగ్గలో ఏదో ఉంది చూడు" అన్నాను. కెజియాకు అదొక పాడలవాటు. ఏది పెట్టినా మింగదు, బుగ్గన పెట్టుకుని గంటలకొద్దీ నానబెడుతుంది. దీవెన వేలు పెట్టి కెలికి తీసింది. పొద్దున పెట్టిన ఇడ్లీ ముక్క.

ఎండాకాలం, 72వ రోజు

కంపెనీ పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఇందులో మాత్రం రాస్తాను.

ఇవాళ నిద్ర వంతు జైనబ్బీది. మూడు పట్టీలూ ఆమె చేతికే. దీవెన గిన్నెల దగ్గర, నేను హాల్లో. పిల్లలకు ఉడికించిన శనగలు పెట్టాం. అందరూ పడుకున్నాక బుగ్గలు చూడాల్సింది నేనే. చూశాను. కెజియా మాత్రం బోర్లా తిరిగి పడుకుంది. కదిపితే లేస్తుంది, లేస్తే పక్కన అలివేలు లేస్తుంది, ఇద్దరూ కలిసి అందరినీ లేపుతారు. పోనీలే అనుకున్నాను.

తలుపు దగ్గరున్న పిల్లవాడు పక్క తడిపాడు. దుప్పట్లన్నీ చుట్టి రెండు చేతులా పట్టుకుని, చెప్పును కాలితో తలుపు సందులోకి తోసి, బయటున్న బకెట్టులో పడేశాను. వెనక టక్కుమంది. తిరిగి చూస్తే చెప్పు తడిలో జారి ఇవతలికి వచ్చేసింది. తలుపు మూసుకుంది.

అప్పటికి భయం లేదు. జైనబ్బీని లేపి పట్టీ తీసుకుంటే సరిపోతుందనుకున్నాను. ఊరికే అద్దంలోంచి లోపలికి చూశాను. చివరి చాప మీద రెండు గుండ్లు, రెండూ అటు తిరిగే ఉన్నాయి. ఒకటి కదలడం లేదు. రెండోది వీపు ఎగరేస్తోంది, కాళ్లు చాపకేసి కొడుతోంది. అద్దం దళసరి. చప్పుడు రాదు.

"దీవెనా!" అని అరిచాను.

తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. చూసింది. "ఎవరే అది? ఎవురు నాంచారీ, చెప్పవే!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. ఎవరని చెప్పను? ఒకే గౌను, ఒకే గుండు, ఒకే ఎత్తు. బుగ్గ చూడనిది ఎవరిదో ఆ క్షణాన గుర్తే రాలేదు, నాకు అలివేలులాగే ఉంది. దానికి కెజియాలాగే ఉందేమో.

ఇద్దరం ఒక్కసారే జైనబ్బీ మీద పడ్డాం. ఆ కేకలకు ఆమె ఉలిక్కిపడి లేచి "యా అల్లా, ఏందే?" అంది. ఆమె గుండె గుభేలుమనగానే చేతికున్న మూడు పట్టీలూ ఒకేసారి ఎర్రబడ్డాయి. లాక్కుని తలా ఒకటి కట్టుకున్నాం. ముగ్గురివీ ఎరుపే. తలుపు ముందు ముగ్గురం చేతులు చాపి నిలబడ్డాం, తలుపు కదల్లేదు. మూడు పట్టీలూ ఒకే తియ్యటి గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాయి. "మీరు ఉద్రేకంలో ఉన్నారు. కళ్లు మూసుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి."

దీవెన అన్నం గుండిగ ఎత్తి అద్దానికేసి కొట్టింది. తుపానుకు తట్టుకునే అద్దం అది, చిన్న గీతైనా పడలేదు. జైనబ్బీ ఏడుస్తూ కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెడుతోంది, రెండు దాటడం లేదు. నేనూ ప్రయత్నించాను. ఊపిరి లోపలికి పోతే కదా. సముద్రాన్ని తలుచుకుందామంటే కళ్ల ముందు ఆ వీపే. నా బిడ్డ పోతోంది, నా బిడ్డ పోతోంది, అదొక్కటే తలలో. లోపల ఆ కాళ్లు కొట్టుకోవడం తగ్గింది.

అప్పుడు కదలకుండా ఉన్న రెండో పిల్ల లేచి కూర్చుంది. కళ్లు నులుముకుంటూ మావైపు తిరిగింది. అలివేలు. నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఇది రాయకపోతే నేను మనిషినే కాదు. నా ఒళ్లంతా ఒక్కసారిగా వదులైంది. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా. పక్కన దీవెన గొంతు చించుకుంటుంటే నాకు చల్లగా, హాయిగా అనిపించింది. పట్టీ పసుపైంది, తర్వాత పచ్చబడింది. తలుపు తెరుచుకుంది.

దీవెన నన్ను తోసుకుంటూ లోపలికి దూకింది. కెజియాను బోర్లించి వీపు మీద చరిచాం. మూడో దెబ్బకు శనగ గింజ ఊడిపడింది. బిడ్డ ఊపిరి మాత్రం రాలేదు. జైనబ్బీ నోట్లో నోరు పెట్టి ఊదింది. పై అంతస్తు నుంచి డాక్టరు వచ్చేవరకూ ఊదుతూనే ఉంది. డాక్టరు వచ్చి ఆమెను పక్కకు జరిపి, చాలమ్మా అన్నాడు.

ఎండాకాలం, 73వ రోజు

ఎండెక్కక ముందే సమాధుల దొడ్డికి తీసుకెళ్లాం. పాస్టరుగారు గొడుగు కింద నిలబడి గబగబా ప్రార్థన ముగించాడు. పెట్టె చాలా చిన్నది. దీవెన మొగుడు దగ్గుతూ దాన్ని ఒక్కడే మోశాడు.

దీవెన కంట చుక్క నీళ్లు లేవు. అందరూ వెనక్కి మళ్లాక నా చెయ్యి పట్టుకుంది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నీది పచ్చగా అయింది. నేను చూశా" అంది.

"దీవెనా, నేను..."

"నువ్వేం చెప్పబాకు. నేను చెప్పేది విను. అద్దంలోంచి చూస్తా నేను దేవుణ్ణి ఏం అడిగానో తెలుసా? ప్రభువా, అది నాంచారి బిడ్డ అయ్యేట్టు చెయ్యి అన్నా. అట్టయితే నాకు దడ తగ్గుద్ది, తలుపు తెరుచుకుంటది, నేనే పొయ్యి నీ బిడ్డను కాపాడతా అనుకున్నా. నీ బిడ్డ చచ్చినా పర్లేదు అనుకున్నా." చెయ్యి వదిలేసింది. "దేవుడు నీ మాట విన్నాడు. నా మాట వినలా."

చెప్పు జారిన సంగతి, బుగ్గ చూడని సంగతి అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఇంటికి వచ్చాక అలివేలు కెజియా ఏదని అడిగింది. ఊరెళ్లిందన్నాను. ఛీ, నా బతుకు.

ఎండాకాలం, 79వ రోజు

ఇవాళ తెర ముందుకు పిలిచారు. పట్టీల గుట్టు బయటపడిందనే అనుకున్నాను. ముగ్గురినీ తీసేస్తారు, అలివేలు రేకుల కిందికి పోతుంది.

హైమవతి మేడం ముందు కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒక గీతల పటం చూపించింది.

"ఇది చూడండి నాంచారమ్మగారూ. ఆపద రాగానే మీ ముగ్గురి పట్టీలూ ఒకే సెకనులో ఎర్రబడ్డాయి. ఒక్క బిడ్డ కోసం ముగ్గురి గుండెలూ ఒకేసారి కొట్టుకున్నాయి. ఇంత ఐక్యత మేమెక్కడా చూడలేదు" అంది.

పటంలో ఇంకో గీత మీద వేలు పెట్టింది.

"ఇక మీ గీత చూడండి. పద్నాలుగు సెకన్లలో ఎరుపు నుంచి పచ్చకు వచ్చారు. ప్రపంచం తలకిందులవుతున్నా స్థిమితపడ్డారు. ఆ బిడ్డ మనకు దక్కలేదు, అది మన దురదృష్టం. కానీ ముగ్గురిలో తలుపు తెరవగలిగింది మీరొక్కరే. ఆ పద్నాలుగు సెకన్లలో ఏ ఆలోచన మీకు సాయపడింది? మిగతా ఆయాలకు నేర్పాలి. నిజాయితీగా రాసి ఇవ్వండి, ఎలా రాసినా పర్వాలేదు."

కంపెనీ పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. సముద్రం అని రాయొచ్చు. ఊపిరి అని రాయొచ్చు. అలా రాస్తే అలివేలుకు ఢోకా లేదు. కానీ దీవెన చెయ్యి వదిలేసిన తీరే కళ్ల ముందు ఆడుతోంది. ఎవరో ఒకరు నన్ను చెప్పుతో కొట్టాలి. ఎవరూ కొట్టకపోతే నేను బతకలేను.

రాశాను. "నేను బుగ్గ చూడలేదు. బయటికొచ్చినప్పుడు తలుపుకు అడ్డం పెట్టిన చెప్పు నా వల్లే జారింది. లోపల కొట్టుకుంటున్నది నా కూతురని భయపడ్డాను. కాదని తెలిసింది. ఆ బిడ్డ నా బిడ్డ కాదు అనుకోగానే నాకు నెమ్మదొచ్చింది. తలుపు అందుకే తెరుచుకుంది. నేను ఈ పనికి తగను." పట్టీల సంగతి రాయలేదు. అది రాస్తే జైనబ్బీ, దీవెన కూడా పోతారు.

ఇంటికొచ్చి అలివేలు బట్టలు సంచిలో సర్దాను. రేపు బయటికి పొమ్మంటే రేకుల మీద గోనెలు తడిపి వెయ్యాలి. జైనబ్బీ పాత కూలరు ఇస్తానంది. నా పాపానికి బిడ్డను ఎండలో పెడుతున్నానని తెలుసు. తెలిసే రాశాను.

ఎండాకాలం, 92వ రోజు

పొమ్మనలేదు.

పన్నెండు రోజులు ఎదురుచూశాను. మొదట ఒక కాగితం వచ్చింది: పిల్లల హాళ్ల తలుపుల్లో చెప్పులు పెట్టరాదు. అంతే. నిన్న మేడం తెర మీదికొచ్చింది.

"మీ జవాబు మా పెద్దలందరూ చదివారు. కొందరు ఏడ్చారు. ఇంత నిజాయితీగా మనసును తరచి చూసుకున్న ఆయాను మేమింతవరకూ చూడలేదు" అంది. నన్ను ఆరు అంతస్తులకూ నెమ్మది శిక్షకురాలిని చేశారట. అలివేలుకు పదేళ్లు నిండేదాకా చలువ మేడలో చోటు ఖాయమట. నేను మాట్లాడబోయాను. ఆవిడ చేతులెత్తి దండం పెట్టింది, తెర ఆరిపోయింది.

ఇవాళ మొదటి పాఠం. ముప్పై నాలుగు మంది ఆయాలను మా హాలు అద్దం ముందు వరసగా నిలబెట్టారు. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు. పాఠం మేడమే రాసి పంపింది. ఒక్కొక్కరు ఒక బిడ్డను ఎంచుకుని, కళ్లార్పకుండా చూస్తూ, పట్టీ పచ్చబడేదాకా ఒకే మాట అనాలి. ముందు నేనంటే వాళ్లు అందుకోవాలి.

దీవెన ఇవాళే పనిలోకి వచ్చింది. రాకపోతే చల్లగది ఖాళీ చెయ్యాలి, మొగుడి ఊపిరితిత్తులు ఎండకు ఆగవు. వరస చివర నిలబడింది. నేను ఆవైపు చూడలేకపోయాను.

"మొదలుపెట్టండి నాంచారమ్మగారూ" అంది మేడం తెర మీంచి.

జైనబ్బీ నా పక్కనే ఉంది. "అనబాకే" అంది నాకు మాత్రమే వినపడేలా. "ఈ మాట అన్నాక మళ్లీ బిడ్డనెట్టా ఎత్తుకుంటావే?"

లోపల అలివేలు నన్ను చూసింది. అద్దానికి ముక్కు ఆనించి నవ్వుతోంది. వెంట్రుకలు కొంచెం మొలిచాయి. పదేళ్లదాకా ఖాయం.

"ఈ బిడ్డ నా బిడ్డ కాదు" అన్నాను.

"ఈ బిడ్డ నా బిడ్డ కాదు" అన్నారు ముప్పై నాలుగు మంది. కొందరి బిడ్డలు లోపలే ఉన్నారు. పట్టీలన్నీ ఎరుపూ పసుపూ. మళ్లీ అన్నాం. నా పట్టీ పసుపు దాటడం లేదు.

వరస చివర ఒకటి పచ్చగా వెలిగింది. దీవెన. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డ మీదికి చూపు తిప్పుతూ, పదిహేను మందినీ ఒక్కొక్కరినే చూస్తూ, ప్రతి బిడ్డకూ ఆ మాట అంటోంది. పట్టీ రంగు ఒక్కసారి కూడా మారలేదు.

"అద్భుతం! చూశారా అందరూ? ఇంత దుఃఖంలో కూడా!" అంది మేడం. "దీవెనగారికి గట్టిగా చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.